అయిదు దెబ్బల పాట



ఈ నెల మొదట మీచేత ఒక లెక్క చేయిస్తాను. దీనికి పలకా, బలపమూ అక్కరలేదు. మోకాలి మీద అరచేత్తో కొడుతూ ఒకటి, రెండు, మూడు, నాలుగు అని లెక్కపెట్టండి. ఒకటి దగ్గర కాస్త గట్టిగా కొట్టండి. ఆపకుండా మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెట్టండి. ఇందులో కష్టమేమీ లేదు. బడిలో డ్రిల్లు చేసేటప్పుడు మీ కాళ్ళు చేసే పని ఇదే.

ఇప్పుడు నాలుగుకు బదులు అయిదు. నోటితో "తకిట తక, తకిట తక" అనండి. "తకిట" మూడు, "తక" రెండు, మొత్తం అయిదు. రెండింటిలోనూ మొదటి అక్షరం మీద దెబ్బ గట్టిగా పడాలి. కొద్దిసేపు చేతికీ నోటికీ పొత్తు కుదరదు. రోజూ ఎక్కే మెట్లకు ఎవరో రాత్రికి రాత్రి ఇంకొక మెట్టు కట్టినట్టు ఉంటుంది. అయినా విడవకండి. పది పన్నెండుసార్లు అనేసరికి చెయ్యి దారిలో పడుతుంది.

వచ్చిందా? అయితే 1959లో అమెరికాలో ఒక పెద్ద రికార్డుల కంపెనీవారిని కంగారుపెట్టిన లెక్క మీకు వచ్చేసినట్టే!

ఆ లెక్కలో పాట రికార్డు చేసిన బృందానికి నాయకుడు డేవ్ బ్రూబెక్ అనే పియానో విద్వాంసుడు. ఆయన 1920 డిసెంబరు 6న కాలిఫోర్నియా రాష్ట్రంలో పుట్టాడు. 2012 డిసెంబరు 5న, తొంభైరెండో పుట్టినరోజు ఇంకొక్క రోజు ఉన్నదనగా, కన్నుమూశాడు. పుట్టినరోజూ పోయినరోజూ డిసెంబరులో ఇలా పక్కపక్కనే వస్తాయి గనుక, ఈ నెల మన శీర్షికలో ఆయనను తలుచుకుందామని నా కోరిక.

బ్రూబెక్ వాయించిన సంగీతాన్ని జాజ్ అంటారు. ఆఫ్రికా నుంచి బానిసలుగా అమెరికాకు తరలించబడినవారి సంతతి, తాము పాడుకునే పాటలనూ, తెల్లవారి బ్యాండు వాయిద్యాలనూ కలిపి తయారుచేసుకున్న సంగీతమది. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో న్యూ ఆర్లియన్స్ అనే రేవుపట్నంలో అది రూపం దిద్దుకున్నది. జాజ్‌లో ఒక బాణీ ఉంటుంది. దాన్ని ఒకసారి అందరూ కలిసి వాయిస్తారు. తరువాత ఒక్కొక్కరే ఆ బాణీని ఆధారం చేసుకుని, అప్పటికప్పుడు తమకు తోచినట్టు పెంచుతారు. మన కచేరీలో గాయకుడు కల్పనస్వరాలు వేయటం, చివర మృదంగం వాయించేవారు తని ఆవర్తనం వాయించటం విన్నారు గదా? అటువంటిదే అనుకోండి. అయితే మనకు అయిదు, ఏడు, తొమ్మిది లెక్కల తాళాలు పాతకాపులు. జాజ్‌వారికి మాత్రం ఆ రోజుల్లో దాదాపు అంతా నాలుగే. అప్పుడప్పుడు మూడు.

ఇక బ్రూబెక్ చిన్ననాటి సంగతి. ఆయన తండ్రి పశువులను మేపే పెద్ద పొలాలకు అజమాయిషీదారు. తల్లి పియానో పంతులమ్మ. కుర్రవాడికి పియానో నేర్పింది ఆమే. కాని ఇతనికి పుట్టుకతోనే చూపు సరిగా లేదు. కాగితం మీది స్వరాలు చదవటం నేర్వకుండా, విన్నది విన్నట్టు వాయిస్తూ తల్లిని చాలాకాలం మభ్యపెట్టాడు. తండ్రి పంపితే గుర్రమెక్కి పశువుల వెంట వెళ్ళేవాడు. గుర్రం గిట్టల చప్పుడు ఒకే వరుసలో పడుతూంటే, దానిమీద వేరే లెక్కతో మరొక చప్పుడు మనసులో వేసుకునేవాడట. పశువులకు నీళ్ళు తోడే ఇంజను ఒకటి ఉండేది. తొట్టి నిండేదాకా దాని పక్కన కూర్చోవాలి. ఆ ఇంజను ఒక తీరుగా కొట్టుకోదు. మధ్యలో ఒక దెబ్బ మింగుతుంది, ఒక దెబ్బ ఎక్కువ వేస్తుంది. కుర్రవాడికి అదే సంగీతపాఠమైంది.

నేనీ శీర్షిక రాసేది చిల్లకూరులో కూర్చుని. ఇక్కడి చేలలో ఇప్పుడు కరెంటు మోటార్లే ఎక్కువ. కాని ఎక్కడైనా పాత ఆయిలింజను కనిపిస్తే, దాని "డుగు డుగు" ఎన్ని దెబ్బలకొకసారి మారుతుందో లెక్కపెట్టి చూడండి. అదీ కుదరకపోతే గూడూరు జంక్షను దగ్గర పాయింట్లు దాటే గూడ్సుబండి చక్రాలను వినండి. పట్టాల దగ్గరికి మాత్రం పోవద్దు, ప్లాట్‌ఫారం మీద నుంచే వినాలి!

బ్రూబెక్ పశువుల డాక్టరు కావాలని కాలేజీలో చేరాడు. ఇతని మనసు పాఠం మీద లేదని కనిపెట్టి, జంతుశాస్త్రం చెప్పే ఆచార్యుడే సంగీత విభాగానికి పొమ్మన్నాడు. అక్కడ మళ్ళీ పాత చిక్కు వచ్చి పడింది. స్వరాలు చదవటం రాదని చివరి ఏడాదిలో తెలిసిపోయింది. ఎక్కడా ఎవరికీ సంగీతం నేర్పనని మాట తీసుకుని, కాలేజీవారు పట్టా ఇచ్చారు. ఇది చదివి మీరు పాఠాలు మానకండి. ఆయన తరువాత డారియస్ మీయో అనే ఫ్రెంచి సంగీతకర్త దగ్గర శిష్యుడుగా చేరి, శ్రద్ధగా చదువుకున్నాడు.

1958 నాటికి బ్రూబెక్ బృందంలో నలుగురు. పియానో ఆయనది. పాల్ డెస్మండ్ శాక్సఫోను ఊదేవాడు. జో మొరెల్లో డ్రమ్ములు వాయించేవాడు. ఇతనికీ చూపు తక్కువే. నాలుగోవాడు యూజీన్ రైట్, మనిషంత ఎత్తున్న బేస్ ఫిడేలును వేళ్ళతో మీటేవాడు. మొదటి ముగ్గురూ తెల్లవారు. రైట్ నల్లవాడు.

అందువల్ల ఏం జరిగిందో చెబుతాను. అమెరికా దక్షిణ రాష్ట్రాలలో ఆనాడు నల్లవారికి వేరే బడి, వేరే హోటలు, బస్సులో వేరే చోటు. ఆ ఏడాది ఫిబ్రవరిలో నార్త్ కరోలినా రాష్ట్రంలో ఒక కాలేజీకి వీళ్ళు కచేరీకి వెళ్ళారు. నల్లవాడిని వేదిక ఎక్కనివ్వమన్నారు కాలేజీవారు. "అయితే మేమూ ఎక్కం" అన్నాడు బ్రూబెక్. హాలు నిండా కూర్చున్న విద్యార్థులు కాళ్ళతో నేల తన్నుతూ గోల చేయసాగారు. కాలేజీ అధ్యక్షుడు గవర్నరుకు టెలిఫోను చేశాడు. చివరకు, రైట్ వెనక చీకట్లో నిలబడి వాయించాలనే షరతు మీద ఒప్పుకున్నారు. కచేరీ మొదలైంది. కొంతసేపటికి బ్రూబెక్, "నీ మైకు పాడయింది, ముందుకు వచ్చి నా మైకు దగ్గర వాయించు" అని రైట్‌ను వేదిక ముందుకు పిలిచాడు! రైట్‌కు వెనక కథంతా తెలియదు, వచ్చి వాయించాడు. హాలంతా చప్పట్లు మారుమోగిపోయాయి.

ఇది జరిగిన కొద్ది రోజులకే ఆ నలుగురినీ అమెరికా ప్రభుత్వం తన తరఫున విదేశాలకు పంపింది. తమ దేశంలో మనిషికి ఎంత స్వేచ్ఛ ఉన్నదో జాజ్ వినిపించి చాటటం ఆ ప్రయాణం ఉద్దేశం. స్వదేశంలో వేదిక ఎక్కనివ్వని మనిషిని, విదేశంలో తమ గొప్ప చాటటానికి పంపటం విచిత్రంగా లేదూ? ఆ విచిత్రం బ్రూబెక్‌కూ తెలుసు. తిరిగి వచ్చాక 1960లో దక్షిణాది కాలేజీలలో చాలా కచేరీలు ఏర్పాటైతే, రైట్‌ను మార్చి మరొకరిని తెమ్మని అడిగారు. ఆయన మార్చలేదు. వాటిలో ఎక్కువ భాగం రద్దయిపోయాయి, రావలసిన డబ్బూ పోయింది.

ఆ ప్రయాణంలో పోలండు తరువాత తుర్కీ వచ్చింది. ఇస్తాంబుల్ నగరంలో వీధిలో వాయించేవాళ్ళ పాట ఒకటి బ్రూబెక్ చెవిన పడింది. లెక్కపెడితే తొమ్మిది వస్తున్నది. కాని మూడు మూళ్ళు తొమ్మిది కాదు. "తక తక తక తకిట": రెండు, రెండు, రెండు, మూడు! ఆయన అక్కడి రేడియో వాద్యబృందం వారిని ఇదేమిటని అడిగాడు. మీకు మీ బ్లూస్ ఎలాగో మాకు ఇది అలాగ, అన్నారు వాళ్ళు. బ్లూస్ అంటే అమెరికా నల్లవారి విషాదగీతాల బాణీ, జాజ్‌కు తల్లివేరు. అనగా, "ఇది మాకు పుట్టుకతో వచ్చింది, ఇందులో వింతేముంది?" అని వాళ్ళ జవాబు.

తరువాత మన దేశం. బొంబాయిలో బ్రూబెక్, సితారు విద్వాంసుడు అబ్దుల్ హలీం జాఫర్ ఖాన్‌తో కలిసి వాయించాడు. ఆయన పక్కన కూర్చున్నాక తన వాయింపే మారిందని తరువాత చెప్పుకున్నాడు. మద్రాసులో జో మొరెల్లోకు మన మృదంగం పరిచయమైంది. చిల్లకూరు నుంచి మద్రాసు రైల్లో రెండు మూడు గంటల దారి. అంత దగ్గరకు వచ్చి వెళ్ళారన్నమాట. మొరెల్లో చేతిలో ఎప్పుడూ రెండు పుల్లలు ఉంటాయి. మృదంగానికి పుల్లలు లేవు. పది వేళ్ళు, రెండు అరచేతులు, ఒక్కొక్క వేలికి ఒక్కొక్క చప్పుడు. డ్రమ్ములవాడి కళ్ళకు అది ఎంత వింతగా ఉండి ఉంటుందో ఊహించుకోండి.

ఇంటికి చేరాక, ఆ ఏడాదే, బ్రూబెక్ తన ప్రయాణపు జ్ఞాపకాలతో "జాజ్ ఇంప్రెషన్స్ ఆఫ్ యురేషియా" అనే రికార్డు చేశాడు. అందులో మన దేశానికి గుర్తుగా "కల్కటా బ్లూస్" అని ఒకటి ఉన్నది. పియానో అడుగున శ్రుతిలాగా ఒకే స్వరం పట్టుకుని ఉంటే, మొరెల్లో పుల్లలు పక్కన పెట్టి చేతులతో డ్రమ్ములు వాయిస్తాడు. భారతదేశపు సంగీతాన్నీ జాజ్‌నూ కలపాలని చేసిన తొలి రికార్డులలో అదొకటి. ఇటువంటి కలయికకు ఇప్పుడు ఫ్యూజన్ అని పేరు పెట్టారు.

నిజం చెప్పాలంటే, మన చెవికి ఆ పాట కొంచెం పలచగా ఉంటుంది. కొత్త ఊరు చూసి వచ్చినవాడు రాసిన ఉత్తరం లాంటిది అది. ఉత్తరంలో ప్రేమ ఉన్నది, కాని ఊరు పూర్తిగా లేదు. మన దేశంలో విన్నదీ, తుర్కీలో విన్నదీ ఆయన లోపలికి ఇంకి, వాసన పట్టటానికి మరొక ఏడాది పట్టింది.

సంగీతం ఇలా చేతులు మారటం కొత్తేమీ కాదు సుమా. ఫిడేలునే చూడండి. రెండువందల ఏళ్ళ కిందట మద్రాసులో ఇంగ్లీషువారి బ్యాండు విని, ముత్తుస్వామి దీక్షితులు ఆ బాణీలకు సంస్కృతంలో సాహిత్యం రాశాడు. వాటినే నొట్టుస్వరాలంటారు. ఆయన తమ్ముడు బాలుస్వామి దీక్షితులు ఐరోపావారి దగ్గర ఫిడేలు నేర్చుకుని మన సంగీతానికి తెచ్చాడు. ఆ పరాయి వాయిద్యం మీదనే విజయనగరంలో ద్వారం వెంకటస్వామినాయుడుగారు దేశమంతటా పేరు తెచ్చుకున్నారు. ఇప్పుడు ఫిడేలు మనది కాదంటే మీరు ఒప్పుకుంటారా?

సరే, 1959కి వద్దాం. ఈసారి బ్రూబెక్ రికార్డు అంతటా నాలుగు లెక్కను పక్కకు నెట్టే పాటలు చెయ్యాలనుకున్నాడు. ఇస్తాంబుల్ తొమ్మిది దెబ్బలతో తనే ఒక పాట కట్టి "బ్లూ రోండో ఆ లా టర్క్" అని పేరు పెట్టాడు. మొరెల్లో కచేరీలలో సరదాగా అయిదు దెబ్బల లెక్క వాయిస్తూ ఉండేవాడు. దానికి తగిన పాట కట్టమని డెస్మండ్‌కు చెప్పాడు. డెస్మండ్ రెండు బాణీ ముక్కలు తెచ్చాడు. బ్రూబెక్ వాటిని ముందు వెనకలుగా అమర్చి పాట చేశాడు. అదే "టేక్ ఫైవ్". మీరు ఇందాక మోకాలి మీద కొట్టిన "తకిట తక" దానిదే.

"టైమ్ అవుట్" అని పేరు పెట్టిన ఆ రికార్డు విని కంపెనీలో కొందరు తల పట్టుకున్నారు. ఒక్క పాటయినా జనానికి తెలిసినది కాదు. ఈ లెక్కలకు నాట్యం చేస్తే కాళ్ళు మెలికపడతాయి. అట్ట మీద కళాకారుల ఫోటోకు బదులు అర్థంకాని రంగుల బొమ్మ! అయినా కంపెనీ అధ్యక్షుడు పట్టుబట్టి విడుదల చేయించాడు. పది లక్షల ప్రతులు అమ్ముడుపోయిన మొదటి జాజ్ ఆల్బం అదేనని చెబుతారు.

ఆ రోజుల్లో పాట రికార్డు కావాలంటే మైకు నుంచి వచ్చే సన్నని విద్యుత్తును వాల్వులు పెద్దది చేయాలి. వాల్వు అంటే గాజు బుడ్డి. అందులోని గాలి అంతా తీసేస్తారు. లోపల సన్నని లోహపు రేకులూ, తీగలూ ఒకదానికొకటి తగలకుండా నిలబడాలి, బాగా వేడెక్కినా కదలకూడదు, వాటి మధ్య విద్యుత్తు దొంగదారిన పారకూడదు. ఈ మూడు పనులకూ పనికివచ్చేది అభ్రకం. దానినే మనం కాకిబంగారం అంటాం. వేడికి ఓర్చుకుంటుంది, విద్యుత్తును పోనివ్వదు, కాగితం కన్న పలచని పొరలుగా విడిపోతుంది. అంతకు ముందు, కీ ఇచ్చి తిప్పే గ్రామఫోనులో సూది కదలికను చప్పుడుగా మార్చే గుండ్రని బిళ్ళ కూడా చాలాకాలం అభ్రకానిదే. మా గూడూరు చుట్టుపట్ల గనులలోని కాకిబంగారం ఇటువంటి పనులకోసం ఓడలెక్కి దేశాలు తిరిగింది. చిల్లకూరు మండలంలోని తెల్ల ఇసుక గాజు చేయటానికి వెళుతుంది. పాత వాల్వు ఒకటి దొరికితే వెలుతురుకు ఎత్తి చూడండి: బయట ఇసుక, లోపల కాకిబంగారం!

ఇప్పుడు "టేక్ ఫైవ్" వినండి. ఇంట్లో పెద్దవాళ్ళను అడిగితే ఫోనులో పెడతారు. మొదట డ్రమ్ములు వస్తాయి. తరువాత పియానో రెండే రెండు స్వరగుచ్ఛాలతో "తకిట తక" పట్టుకుంటుంది. దానిమీద శాక్సఫోను బాణీ ఎత్తుకుంటుంది, తోచినంత దూరం పోతుంది. తరువాత మొరెల్లో డ్రమ్ముల మీద తని ఆవర్తనం. అతను తొందరపడడు. ఒక దెబ్బ వేసి ఊరుకుంటాడు, ఆ ఖాళీలో అయిదు గడిచిపోతాయి, ఎక్కడో ఊహించని చోట మళ్ళీ పడతాడు. ఆ ఖాళీలలో ఏం వినిపిస్తున్నదో గమనించండి. పియానో! అదే "తకిట తక", అదే రెండు స్వరగుచ్ఛాలు. మన కచేరీలో తని ఆవర్తనం జరుగుతూంటే గాయకుడు తాను పాడటం ఆపి, తొడమీద తాళం వేస్తూ కూర్చుంటాడే, అచ్చం అలాగ. బృందం ఆయనది, రికార్డు ఆయన పేరు మీద వచ్చింది. అయినా ఆ పాటలో బ్రూబెక్ తన వంతుగా విడిగా ఒక్క ముక్క వాయించలేదు. మొదటినుంచి చివరిదాకా మిగతావాళ్ళకు లెక్క తప్పకుండా కాపలా కాశాడు. లోకమంతా బ్రూబెక్ పాట అని చెప్పుకునేది అదే పాట!

కట్టింది డెస్మండ్ గనుక దానిమీద వచ్చే ఆదాయం అతనిది. అతను 1977లో చనిపోతూ, ఆ సొమ్ము అమెరికా రెడ్ క్రాస్ సంఘానికి చెందాలని వీలునామా రాశాడు. మొరెల్లో 2011లో, యూజీన్ రైట్ 2020లో పోయారు. ఆ నలుగురిలో ఇప్పుడు ఎవరూ లేరు.

వాళ్ళు వేసిన దారిన తరువాత చాలామంది నడిచారు. కలకత్తాలో పుట్టిన జాన్ మేయర్, శాక్సఫోను వాయించే జో హారియట్‌తో కలిసి 1966లో ఇంగ్లండులో ఇటువంటి రికార్డే ఇంకా పెద్ద ఎత్తున చేశాడు. మన పాలకొల్లులో పుట్టిన మాండొలిన్ శ్రీనివాస్, జాన్ మెక్‌లాఫ్లిన్ అనే జాజ్ గిటారు విద్వాంసుడి పక్కన కూర్చుని ప్రపంచమంతా కచేరీలు చేశాడు. 2014లో, నలభై అయిదేళ్ళకే పోయాడు. ఆయన కథ మరొక నెల తీరిగ్గా చెప్పుకోవలసినది.

అయిదు బాగా వచ్చినవాళ్ళకు ఇంకొకటి ఇస్తాను. 1961లో బ్రూబెక్ "అన్‌స్క్వేర్ డాన్స్" అనే చిన్న పాట రికార్డు చేశాడు. దాని లెక్క ఏడు: "తక తక తకిట". దానికి చప్పట్లే ముఖ్యం. చప్పట్లు "ఒకటి" మీద పడవు, దాని పక్కన పడతాయి. అక్కడే అందరూ దొరికిపోతారు. ఇద్దరు ముగ్గురు కలిసి, ఒకరు నోటితో లెక్క చెబుతూ, మిగతావాళ్ళు చప్పట్లు వేస్తూ ప్రయత్నించండి. పాట రెండు నిమిషాలే. చివరిదాకా వినండి. ఆఖరి దెబ్బ అయిపోగానే ఎవరో నవ్వటం వినిపిస్తుంది. అది జో మొరెల్లో. లెక్క తప్పకుండా గట్టెక్కామన్న సంతోషం పట్టలేక నవ్వేశాడు. కంపెనీవారు ఆ నవ్వును తీసెయ్యకుండా రికార్డులో అలాగే ఉంచేశారు.